మా కాలనీ పార్కు కోసం తొమ్మిది నెలలు ఆఫీసుల చుట్టూ తిరిగాను, నా అనుభవం

పోయిన వారమే ఫైలంతా సర్ది బీరువాలో పెట్టాను కాబట్టి మర్చిపోకముందే రాసేద్దామని కూర్చున్నా. మాది పటాన్‌చెరు దాటాక హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు (ఓఆర్ఆర్) బయట ఒక పాత లేఅవుట్, 5 ఎకరాలు, 72 ప్లాట్లు, ఇప్పటికి 51 ఇళ్లు లేచాయి. మేము 2003లో వచ్చాం. నేను ఇంట్లోనే సాయంత్రం ట్యూషన్లు చెప్తాను, పొద్దున ఖాళీ అని అసోసియేషన్‌లో నన్ను జాయింట్ సెక్రటరీ చేశారు, అంటే వేరే ఎవరూ ముందుకి రాలేదు అన్నమాట.

2024 నవంబర్ 17 ఆదివారం. పొద్దున ఏడింటికి జేసీబీ చప్పుడు. మా పార్కు స్థలంలో తుమ్మచెట్లు పీకేస్తున్నారు. పార్కు అంటే ఊయలలు బెంచీలు ఊహించుకోకండి, పిచ్చిచెట్లు, ఒక వేపచెట్టు, ఇల్లు కట్టినవాళ్లందరూ పారబోసిన కంకర, అంతే. బతుకమ్మకీ వినాయకుడికీ మాత్రం ఒక మూల శుభ్రం చేసుకునేవాళ్లం. నేనైతే మొదట మున్సిపాలిటీ వాళ్లే శుభ్రం చేయిస్తున్నారనుకుని సంతోషపడ్డాను, నిజంగా. మధ్యాహ్నానికి లారీలో ప్రీకాస్ట్ పలకలు దిగాయి, చీకటి పడేసరికి నడుం ఎత్తు దాటి గోడ లేచిపోయింది. అడిగితే "మా ప్లాట్లు మేడం, రిజిస్ట్రేషన్ ఉంది" అని ఒక కుర్రాడు ఫోన్‌లో డాక్యుమెంట్ చూపించాడు. ప్లాట్ నంబర్ 36/ఏ అట. 36 మా ఎదురింటి వాళ్లది, దానికి ఏ, బి, సి ఎప్పుడు పుట్టాయో ఎవరికీ తెలీదు. వీటిని బై నంబర్లు అంటారని ఆ తర్వాత తెలిసింది.

మర్నాడు సోమవారం, కలెక్టరేట్‌లో ప్రజావాణి. ముగ్గురం వెళ్లాం. తెల్లకాగితం మీద రాసిన అర్జీ, ఫోన్‌లో తీసిన ఫొటోల ప్రింట్లు. తీసుకున్నారు, రసీదు ఇచ్చారు, ఆ రసీదు పారేసుకోకండి, తర్వాత ప్రతి చోటా దాని నంబరే అడుగుతారు. అర్జీ తిరిగి తిరిగి చివరికి మన మున్సిపాలిటీకే వస్తుంది. ఈలోపు మేమే మున్సిపాలిటీకి వెళ్తే సగం కుర్చీలు ఖాళీ, ఇంటింటి కులగణన సర్వే నడుస్తోంది కదా, డ్యూటీల మీద పోయారు. టౌన్ ప్లానింగ్‌లో ఒకాయన దొరికాడు. ఆయన మొదటి మాట "మీ సార్ రాలేదా మేడం?" రెండో మాట "పార్కు అని కాగితం ఏదండీ?"

అక్కడే ఆగిపోయాం. ఇరవై ఏళ్లుగా పార్కు పార్కు అంటున్నాం, కాగితం మాత్రం ఎవరి దగ్గరా లేదు. పైగా ఆయన ఇంకోటి చెప్పాడు, సుప్రీంకోర్టు మొన్న 13వ తారీఖునే తీర్పు ఇచ్చింది, ఏది కూల్చాలన్నా 15 రోజుల నోటీసు ఇవ్వాల్సిందే అని. రోడ్డు, ఫుట్‌పాత్ లాంటి పబ్లిక్ స్థలాల్లో కట్టినవాటికి ఆ రూల్ వర్తించదని తర్వాత మా లాయర్ గారు చెప్పారు, కానీ అది పబ్లిక్ స్థలమని చూపించాలన్నా మళ్లీ అదే కాగితం కావాలి. హైడ్రాకి వెళ్లండి అని వాట్సాప్‌లో పది మంది సలహా ఇచ్చారు. చెరువులు, పార్కుల కబ్జాలు తొలగించే ఆ సంస్థ పరిధి ఓఆర్ఆర్ లోపలే. మేము బయట.

సరే ఆర్టీఐ వేద్దామన్నారు. నవంబర్ 25న మున్సిపాలిటీకి వేశాను, 10 రూపాయల పోస్టల్ ఆర్డర్, రిజిస్టర్డ్ పోస్ట్, అక్నాలెడ్జ్‌మెంట్ కార్డుతో. ముప్పై రోజులు రోజూ పోస్ట్‌మ్యాన్ కోసం చూడటమే. డిసెంబర్ 30న జవాబు వచ్చింది, రెండు లైన్లు. పాత గ్రామ పంచాయతీ నుంచి సదరు రికార్డు మాకు అందలేదు, కావున ఇవ్వలేము. పంచాయతీ పోయి మున్సిపాలిటీ అయ్యింది 2018లో, అప్పుడు బీరువాలు ఎవరు మోశారో ఏ బీరువా ఎక్కడ పోయిందో. ఆ రోజు ఇంటికొచ్చి ఏడ్చాను, చెప్పుకోవడానికి సిగ్గేం లేదు. జనవరి 6న ఫస్ట్ అప్పీల్ కూడా వేశాను, దాని మీద ఇప్పటికీ ఏ కబురూ లేదు.

ఈ ముప్పై రోజుల్లో ఒక్క పని మాత్రం బాగా జరిగింది. మా పక్కింటి అబ్బాయి ధరణిలో, అంటే అప్పటి భూరికార్డుల వెబ్‌సైట్‌లో, మా సర్వే నంబర్ కొట్టి చూశాడు. 20 గుంటలు ఇంకా పాత పట్టాదారు కొడుకుల పేరు మీద వ్యవసాయ భూమిగానే కనిపిస్తోంది. గుంటకి 121 గజాలు, 20 గుంటలంటే 2,420 గజాలు. 5 ఎకరాలంటే 24,200 గజాలు, లేఅవుట్‌లో వదలాల్సిన పది శాతం ఖాళీ స్థలం సరిగ్గా 2,420. వాడు కాలిక్యులేటర్ నా ముందు పెట్టి "ఆంటీ చూడండి" అన్నప్పుడు ఒళ్లు జలదరించింది. అంటే అప్పట్లో లేఅవుట్ వేసినవాళ్లు పార్కునీ రోడ్లనీ పంచాయతీకి గిఫ్ట్ డీడ్ చేసి రిజిస్టర్ చేయాలి, చేయలేదు. తండ్రి పోయాక కొడుకులకి పాస్‌బుక్ వచ్చింది, వాళ్లు పాత లేఅవుట్ నంబర్లకి బై నంబర్లు తగిలించి ఇంటి స్థలాల్లాగా అమ్మేస్తున్నారు. రిజిస్ట్రేషన్ వెబ్‌సైట్‌లో ఈసీ, అంటే ఆ స్థలం మీద జరిగిన రిజిస్ట్రేషన్ల చిట్టా, చూస్తే అప్పటికే మూడు డాక్యుమెంట్లు అయిపోయి ఉన్నాయి, 36/ఏ, 36/బి, 36/సి. ఈసీ చూడటానికి పైసా ఖర్చు లేదు, పది నిమిషాల పని, మేము ఇరవై ఏళ్లలో ఒక్కసారి కూడా చూడలేదు. ఆ మూడింటికీ మీసేవలో సర్టిఫైడ్ కాపీలు తీసుకున్నాను, ఒక్కోటి రెండు వందల చిల్లర అయ్యింది. డాక్యుమెంట్‌లో హద్దులు చూడండి, మా వాటిలో ఉత్తరం "ఖాళీ స్థలం" అని రాసుంది. ఆ ఖాళీ స్థలం ఎవరిదో మాత్రం రాయలేదు.

కాగితం చివరికి ఎక్కడ దొరికిందంటే మూడో లైన్ చివరింటి అంకుల్ గారింట్లో. ఆయనకి 78 ఏళ్లు, మీటింగులకి రారు, మేమూ పిలవలేదు. సంక్రాంతికి ముగ్గు చూడటానికి బయటికొస్తే మాటల్లో చెప్పాను, "నేను 1999లో హౌసింగ్ లోన్ తీసుకున్నానమ్మా, బ్యాంకు వాళ్లు లేఅవుట్ కాపీ లేకుండా లోన్ ఇవ్వమన్నారు, ఆ ఫైల్ ఉండాలి" అన్నారు. అటక మీద రేకు పెట్టె. అందులో లోన్ ఫైల్, దాని వెనక మడతపెట్టిన నీలం బ్లూప్రింట్, మడతల దగ్గర చిరిగిపోయి, పార్కు గడిలో "పార్కు" అని చేత్తో రాసిన అక్షరాలు సగం వెలిసిపోయి. ఆయన భార్య నాకు టీ పెట్టబోతుంటే నేను అసలు కూర్చోలేకపోయాను.

కానీ అది జిరాక్స్ లాంటిదే, ఆఫీసులో చెల్లదు. దాని మీద ఉన్న ఎల్‌పీ నంబర్, అంటే లేఅవుట్ అనుమతి నంబర్, ముఖ్యం. పంచాయతీలో లేకపోయినా ఆమోదం ఇచ్చిన టౌన్ ప్లానింగ్ పై ఆఫీసు డీటీసీపీలో ఆ నంబర్ మీద ఫైల్ ఉంటుంది. నంబర్ లేకుండా అడిగితే వెతకలేరు, నంబర్ ఉంటే వెతుకుతారు, తేడా అంతే. జనవరి 20న దరఖాస్తు పెట్టాను, ఫిబ్రవరి 11న సర్టిఫైడ్ కాపీ చేతికొచ్చింది, 22 రోజులు. మ్యాప్ కాపీకి, పేజీలకి కలిపి రెండొందలు కూడా కాలేదు. ఎవరైనా ఇది చదువుతుంటే ఈ ఒక్క పని ఇవాళే చేయండి, గొడవ వచ్చేదాకా ఆగకండి.

ఇక కాలనీ లోపలి సంగతి. ఇది రాయాలా వద్దా అనుకున్నాను గానీ అసలు ఎక్కువ బాధపెట్టింది ఇదే. జనవరి చివర్లో ఆ స్థలం అమ్ముతున్నవాళ్ల తరఫు మనిషి ఒకాయన ప్రెసిడెంట్ గారింటికి వచ్చి 400 గజాలు వదిలేస్తాం, అందులో గుడి మా ఖర్చుతో కట్టిస్తాం, మిగతాది మీరు వదిలేయండి అన్నాడు. అంతే, కాలనీ రెండు ముక్కలు. గుడి వద్దంటారా అని కొందరు నన్ను దేవుడి మీద పగపట్టినదానిలా చూశారు. నేను మంగళవారం మంగళవారం గుడికెళ్లేదాన్ని. "ఎలాగూ పార్కు కట్టుకునేది లేదు కదమ్మా, వచ్చింది తీసుకుందాం" అన్నది బయటివాళ్లు కాదు, మా లైన్ వాళ్లే. వాట్సాప్ గ్రూప్‌లో మాటామాటా పెరిగి పన్నెండు మంది బయటికెళ్లి వేరే గ్రూప్ పెట్టుకున్నారు. ఇంటికి 2,000 వేసుకుందామంటే 51 ఇళ్లలో 34 ఇళ్లే ఇచ్చాయి, 68,000 వచ్చింది. ఒక రాత్రి పదకొండింటికి మా ఇంటి నంబర్‌కి ఫోన్, "మేడం మీకెందుకివన్నీ, పిల్లలు స్కూలుకెళ్తారు కదా" అని చాలా మర్యాదగా మాట్లాడాడు. మా ఆయన అప్పట్నుంచి రెండు నెలలు పిల్లల్ని బస్సు ఎక్కించకుండా తనే దింపొచ్చారు. మానేయమని మాత్రం ఒక్కసారీ అనలేదు.

లాయర్ గారి సలహా మీద జనవరి 10నే జిల్లా కోర్టులో కేవియట్ వేశాం, మాకు చెప్పకుండా వాళ్లు స్టే తెచ్చుకోకుండా. ఫీజు ఖర్చులు కలిపి 15,000. ఇంకోటి, సంతకాలు పెట్టాలంటే అసోసియేషన్ రిజిస్టర్ అయి ఉండాలి, మాది 2006లో చేయించారు గానీ ఆ తర్వాత ఏటేటా ఇవ్వాల్సిన కమిటీ లిస్టులు ఎవరూ ఇవ్వలేదు, ఆ పాత లెక్కలన్నీ కూడబెట్టి ఇవ్వడానికి ఇంకో నెల పోయింది.

ఫిబ్రవరి 12న సర్టిఫైడ్ కాపీతో మున్సిపాలిటీకి పరిగెత్తాను, ఇక అయిపోయినట్టే అనుకున్నాను. "గ్రాడ్యుయేట్ ఎమ్మెల్సీ ఎలక్షన్ కోడ్ ఉంది మేడం, మార్చి రానివ్వండి" అన్నారు. మార్చి వచ్చింది. అనుమతి లేని లేఅవుట్లలో ప్లాట్లని ఫీజు కట్టించుకుని క్రమబద్ధీకరించే ఎల్ఆర్ఎస్‌కి 25 శాతం రాయితీ, 31 దాకా గడువు, టౌన్ ప్లానింగ్ గది ముందు నిలబడటానికే చోటు లేదు. అబద్ధం చెప్పారనను, నిజంగానే ఆ జనం అలాగే ఉన్నారు. నేను బాక్స్‌లో పులిహోర పట్టుకెళ్లి బెంచీ మీదే తినేదాన్ని, అటెండర్ నన్ను గుర్తుపట్టి "పార్కు మేడం" అని పిలవడం మొదలుపెట్టాడు. చివరికి మార్చి 24న నోటీసు ఇచ్చారు, 15 రోజుల్లో డాక్యుమెంట్లు చూపించమని.

ఏప్రిల్ మొదటివారంలో ఒక సాయంత్రం ట్యూషన్ పిల్లలుండగా గేటు దగ్గర ఒక జంట. నోటీసు కాపీ చేతిలో ఉంది. నేను ఇంతకాలం గోడ అవతలివాళ్లంటే ఆ ఫోన్ చేసిన గొంతు లాంటివాళ్లే అనుకున్నాను. ఈయన ఫ్యాక్టరీలో షిఫ్ట్ ఉద్యోగం, ఆమె ఒళ్లో చంటిపాప. 36/డి వాళ్లది. మార్చి 5న రిజిస్ట్రేషన్ అయ్యింది, 200 గజాలు, 38 లక్షలు, ఊళ్లో పొలం అమ్మిన డబ్బూ ఆమె బంగారం మీద తీసుకున్న లోనూ కలిపి. పక్క రేటు కంటే తక్కువకి వస్తోందని తొందరపడ్డారు. నేను లోపలికి రమ్మని లేఅవుట్ కాపీ చూపించాను. ఆయన చాలాసేపు చూసి కాపీ మీద తారీఖు ముద్ర చదివి, "మేడం, ఇది మీకు ఫిబ్రవరిలోనే వచ్చింది కదా" అన్నారు. అవునన్నాను. "మేము రెండుసార్లు వచ్చి చూసుకుని వెళ్లినం, ఒక బోర్డు ఉంటే కొంటుంటిమా?" ఆమె ఏమీ అనలేదు, "అక్కా కొంచెం నీళ్లు" అని పాపకి పట్టించుకుని వెళ్లిపోయారు.

బోర్డు గురించి మీటింగులో మాట వచ్చింది, నిజం చెప్పాలి. ఫిబ్రవరిలోనే ఒకరు అన్నారు. ఆర్డర్ వచ్చాక పెడదాం, ఇప్పుడు పెడితే రెచ్చగొట్టినట్టు ఉంటుంది అన్నది ఎవరో కాదు, నేనే. ఆ రాత్రి నిద్రపట్టలేదు. మర్నాడే "ఇది లేఅవుట్ పార్కు స్థలం, కొనరాదు" అని ఎల్‌పీ నంబర్, సర్వే నంబర్‌తో సహా రెండు ఇనప బోర్డులు చేయించాం, 4,200 అయ్యింది. ఒకటి రాత్రికి రాత్రి పీకేశారు, ఇంకోటి మా ఎదురింటి కాంపౌండ్ లోపల గోడకి కొట్టాం కాబట్టి నిలిచింది. అలాగే బై నంబర్ల మీద ఇంకే రిజిస్ట్రేషన్ కాకుండా 22-ఏ నిషేధిత జాబితాలో పెట్టమని మున్సిపాలిటీ నుంచి సబ్ రిజిస్ట్రార్‌కి ఉత్తరం వెళ్లాలి, ఇదీ ఎవరూ వాళ్లంతట వాళ్లు చేయరు, మనమే అడగాలి. నాకు ఈ విషయం తెలిసిందే ఏప్రిల్‌లో. మే నెలాఖరుకి వెళ్లింది.

ఇంకో తప్పు. కేవియట్‌కి ఆయుష్షు 90 రోజులే. జనవరి 10 నుంచి లెక్కేస్తే ఏప్రిల్ 10కి అయిపోయింది, మళ్లీ వేయాలి, ఎవరికీ గుర్తులేదు, లాయర్ గారు మేం ఫోన్ చేస్తామనుకున్నారు, మేం ఆయన చెప్తారనుకున్నాం. సరిగ్గా ఏప్రిల్ 15న వాళ్లు కోర్టుకెళ్లి స్టేటస్ కో, అంటే ఉన్నది ఉన్నట్టే ఉంచాలనే ఆర్డర్, తెచ్చుకున్నారు. అవతలివాళ్లు తారీఖు లెక్కపెట్టుకుని కూర్చున్నారనే నాకనిపిస్తుంది. ఆర్డర్ కాపీ 22న మా చేతికి వచ్చింది, మున్సిపాలిటీ వాళ్లు హాయిగా ఫైల్ మూసేశారు, కోర్టులో ఉంది మేడం మేమేం చేస్తాం. మే అంతా కోర్టుకి వేసవి సెలవులు. కౌంటర్‌కి ఫీజు ఇంకో 40,000, మళ్లీ ఇంటింటికీ తిరిగాను, ఈసారి గుడి కావాలన్న వాళ్లలో ఇద్దరు పిలిచి మరీ ఇచ్చారు. ప్రైవేట్ సర్వేయర్‌తో కొలిపిస్తే 12,000, ఆయన కొలిచాక తెలిసింది వాళ్ల గోడ పార్కు దాటి మా రోడ్డులోకి కూడా నాలుగడుగులు వచ్చిందని. ఈ రోడ్డు సంగతే లాయర్ గారికి బాగా పనికొచ్చింది. జులై 17న స్టేటస్ కో ఎత్తేశారు. మెయిన్ కేసు ఇంకా నడుస్తూనే ఉంది, అది ఎన్నేళ్లో తెలీదు.

ఆ తర్వాత కూడా ఐదు వారాలు. పోలీసు బందోబస్తు దొరకలేదు, ఒకసారి దొరికితే వానలు, జేసీబీ దిగబడింది. ఆగస్టు 22 శుక్రవారం పొద్దున ఎనిమిదింటికి చెప్పాపెట్టకుండా వచ్చారు. నలభై నిమిషాలు. పలకలు ఒకదాని మీద ఒకటి పడిపోవడం చూస్తుంటే ఏదో గొప్పగా అనిపిస్తుందనుకున్నాను, ఏమీ అనిపించలేదు, ఆకలేసింది, పొద్దున్నుంచి ఏమీ తినలేదు. చుట్టుపక్కల వాళ్లు వీడియోలు తీసుకున్నారు. విడిపోయిన వాట్సాప్ గ్రూప్ మళ్లీ ఒకటైంది, ఎక్కువ మాట్లాడింది డబ్బులివ్వని వాళ్లే.

మొత్తం లెక్క అడుగుతారు కాబట్టి చెప్తున్నా, లాయర్ గారికి 55,000, సర్వేయర్‌కి 12,000, బోర్డులు 4,200, జిరాక్సులు, పోస్టు, మీసేవ, నా ఆటోలు అన్నీ కలిపి 9,000 పైన, అక్కడికి 80 వేలు దాటింది. ఇవి కాక కంచె వేయించడానికి 61,000 అయ్యింది, అది ఇంకా అప్పు ఉంది. గిఫ్ట్ డీడ్ ఇప్పటికీ కాలేదు, ఆ వారసులు సంతకం పెడతారని నాకు నమ్మకం లేదు. ధరణి పోయి భూభారతి వచ్చింది గానీ అందులోనూ ఆ 20 గుంటలు వాళ్ల పేరు మీదే ఉన్నాయి, దాని కోసం వేరే అర్జీ పెట్టాం.

36/డి ఆయన పోయిన ఆదివారం మళ్లీ వచ్చారు, ఒక్కరే. అమ్మినవాళ్ల మీద చీటింగ్ కేసు పెడదామని పోలీస్ స్టేషన్‌కి వెళ్తే ఇది సివిల్ మేటర్ అని రెండుసార్లు పంపేశారట, ఇప్పుడు లాయర్‌ని పెట్టుకున్నారు, పార్కు అని రుజువులు కావాలి. బీరువాలోంచి ఫైల్ మళ్లీ తీశాను. వీధి చివర జిరాక్స్ షాపు దాకా ఇద్దరం నడిచి వెళ్లాం, మొత్తం 46 పేజీలు. ఆయన జేబులోంచి డబ్బులు తీయబోతే వద్దని నేనే ఇచ్చాను. పార్కు ముందు నుంచి వస్తుంటే ఆగి బోర్డు మీద రాసింది మొత్తం చదువుకుని వెళ్లారు.